ఎవరి చదువు

“నాన్న వస్తే నేను రాను.”

బాత్రూమ్ తలుపు అవతలినుంచి సిరి ఆ మాట గొంతు పెంచకుండా అంది. హిమజకి భయం వేసింది అందుకే. అరిస్తే కాసేపటికి దిగివస్తుంది. నెమ్మదిగా అందంటే ఇక కదలదు. ఆ గుణం తండ్రిది.

ఆ తండ్రి, దుర్గేష్, వాకిట్లో కారులో కూచుని ఉన్నాడు. ఇంజిన్ నడుస్తూనే ఉంది. అద్దం మీద రాత్రి పేరుకున్న మంచు కరిగిపోయి చాలాసేపయింది. అయినా వైపర్లు ఆపలేదు. వంటింటి కిటికీలోంచి హిమజకి ఆ వైపర్లే కనిపిస్తున్నాయి, అటూ ఇటూ కొట్టుకుంటూ.

“సిరీ, తలుపు తియ్యి. హామిల్టన్ యూనివర్సిటీ ఓపెన్ డేకి వెళ్దామన్నది నువ్వేగా.”

“నువ్వూ నేనూ వెళ్దామన్నాను.”

“రోజంతా దారి. ఆ కొండల్లో నేను నడపగలనా?”

“బస్సు ఉంది.”

“బస్సులో వెళ్తే ఆయన ఇక జన్మలో ఒప్పుకోడు. కళ్లతో చూస్తే కదా ఏమన్నా మారేది.”

లోపల కుళాయి తిప్పిన చప్పుడు. కట్టేసిన చప్పుడు.

“నిన్న ఆయన ఏమన్నాడో విన్నావుగా అమ్మా.”

వింది. డునెడిన్‌లో హెల్త్ సైన్సెస్‌కి అప్లై చెయ్యనని, డాక్టరు చదువు తనకి వద్దని, చిన్నపిల్లలకి ఈ దేశపు మూలవాసుల మావోరీ భాషలో పాఠాలు చెప్పే టీచరునవుతానని, దానికి మంచి కోర్సు హామిల్టన్‌లో ఉందని సిరి భోజనాల దగ్గర చెప్పింది. దుర్గేష్ ముద్ద కలుపుతూనే అంతా విన్నాడు. విని, “అంటే పసిపిల్లలతో చప్పట్లు కొట్టించుకుంటూ పాటలు పాడుకుంటావన్నమాట. దీనికా మనం ఇంత దూరం వచ్చింది,” అన్నాడు.

సిరి కంచం తీసుకెళ్లి సింకులో పెట్టి గదిలోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలన్నీ హిమజ గుండానే నడుస్తున్నాయి.

“ఆయనతో మాట్లాడక్కర్లేదు,” అంది హిమజ తలుపుకి నుదురు ఆనించి. “కారులో కూచో చాలు. మిగతాది నేను చూసుకుంటాను.”

గొళ్లెం తీసిన చప్పుడయింది. సిరి కళ్లు ఉబ్బి ఉన్నాయి. తల్లిని ఒరుసుకుంటూ దాటి వెళ్లి, కారు వెనకసీట్లో కూచుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.

వాళ్లుండే లోవర్ హట్ వెనకబడింది.

దారిలో టైహాపే అనే ఊళ్లో కాఫీకి ఆగారు. కౌంటరు దగ్గర దుర్గేష్ భార్యవైపు తిరిగి, “దానికేం కావాలో అడుగు,” అన్నాడు.

పక్కనే నిలబడి ఉన్న సిరి, “ఏం వద్దని చెప్పు,” అంది.

హిమజ ఒక చీజ్ స్కోన్ కొని, సగం తుంపి కూతురి చేతిలో పెట్టింది. సిరి తినలేదు. పారెయ్యనూ లేదు. మళ్లీ కారెక్కేదాకా దాన్ని అలాగే పట్టుకుని ఉంది.

డెజర్ట్ రోడ్ మీదికి వచ్చాక ఎడమపక్క రుఆపెహు కొండ తలనుంచి నడుం దాకా మంచుతో తెల్లగా కనిపించింది. ఎప్పుడు ఈ దారిన వచ్చినా దుర్గేష్ ఇక్కడ కారు ఆపి ఫొటో తీసేవాడు. ఈసారి ఇంకాస్త వేగం పెంచాడు.

“హిమా, మీ అమ్మాయికి చెప్పు. నేనేం కసాయివాణ్ని కాదు. ఈ దేశంలో ప్రోగ్రామర్లని ఒక్క ఈమెయిల్ కొట్టి ఇంటికి పంపేస్తారు. డాక్టర్ని పంపరు. నా ఆలోచనంతా అదే. అంతకు మించి ఏం లేదు.”

ఆయన ఊరికే అనడం లేదని హిమజకి తెలుసు. నిరుడు ఆయన పనిచేసే ఆఫీసులో కాంట్రాక్టులన్నీ రద్దుచేసినప్పుడు, చలికాలమంతా ఇంట్లో కూచున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ ముందు కూచునేవాడు. ఇప్పుడు దొరికిన ఉద్యోగంలో జీతం తక్కువ. ఇంటి లోను కంతు సగం హిమజ జీతంలోంచే వెళుతోంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

“టీచర్లని కూడా పంపరు నాన్నా,” అంది సిరి వెనకనుంచి. ఇయర్‌ఫోన్లలో పాటలేమీ లేవన్నమాట. “టీచర్లు చాలట్లేదు ఇక్కడ.”

నిన్నటి తర్వాత తండ్రితో నేరుగా అన్న మొదటి మాట అది.

“నీకు ఆ భాషతో ఏంటి సంబంధం?” అన్నాడు దుర్గేష్. “ఇంట్లో తెలుగే సరిగ్గా మాట్లాడవు.”

“అదే కదా నేను చెప్పేది.” సిరి ముందుకి వంగింది. “నాకు తెలుగు పోయింది. మీరిద్దరూ వర్క్‌లో, నేను డేకేర్‌లో. నో వన్స్ ఫాల్ట్. బట్ పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అమ్మమ్మ ఫోన్ చేస్తే రెండు సెంటెన్సులు. ‘తిన్నావా’, ‘తిన్నాను’. తర్వాత నాకు వర్డ్స్ ఉండవు. ఆమెకి కూడా ఉండవు. మా ఫ్రెండ్ మెరె వాళ్ల నానమ్మకి స్కూల్లో ఆ భాష మాట్లాడితే కొట్టేవాళ్లంట. ఇప్పుడు మెరె నేర్చుకుని ఆమెతో మాట్లాడుతుంది. నేను చిన్నపిల్లలకి అది చెప్తాను. అది చప్పట్లు కాదు నాన్నా.”

దుర్గేష్ ముందు వెళుతున్న పాల ట్యాంకరుని దాటించాడు.

హిమజ వెనక్కి తిరిగి చూడాలనుకుంది, చూడలేకపోయింది. కూతురు ఇంత తెలుగు ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకి గుర్తు రాలేదు. సంతోషం వెయ్యాలి. వెయ్యలేదు. ఏం కావాలో అంత స్పష్టంగా చెప్పడం ఎవరు నేర్పారు ఈ పిల్లకి? తను మాత్రం కాదు.

తెనాలిలో ఇంటర్ అయ్యాక హిమజకి గుంటూరులో నర్సింగ్ సీటు వచ్చింది. “నర్సు పనికి పంపిస్తే సంబంధాలు వస్తాయా,” అన్నాడు తండ్రి. బీకాంలో చేర్పించాడు. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ బీకాం ఈ దేశంలో ఎందుకూ పనికిరాలేదు. సిరి కాస్త పెద్దదయ్యాక ఇంటికి దగ్గర్లో నైనైలో ఒక వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా చేరింది. ముసలివాళ్లకి స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం.

పోయిన నెల ఆ ఆశ్రమంలో బెర్ట్ అనే పెద్దాయన నొప్పితో మెలికలు తిరిగిపోయాడు. ఇంజక్షన్ చెయ్యాల్సిన నర్సు ఇంకో బిల్డింగులో ఉంది. ఆమె వచ్చేదాకా ఆయన చెయ్యి పట్టుకుని నిలబడడం తప్ప హిమజ చెయ్యగలిగింది లేదు. చెయ్యడానికి ఆమెకి అధికారం లేదు. బెర్ట్ తర్వాత కోలుకున్నాడు, జోకులు కూడా వేస్తున్నాడు. కోలుకోనిది హిమజే. ఆ రోజునుంచి ఏ పని చేస్తున్నా చేతులు ఇంకేదో వెతుక్కుంటున్నట్టుగా ఉంటోంది ఆమెకి.

మర్నాడు హామిల్టన్‌లో వాన. గొడుగులు నిలవని వాన.

యూనివర్సిటీ నిండా జనం. ఎక్కడెక్కడినుంచో తల్లిదండ్రులు తమ పిల్లల్ని వెంటేసుకుని, పిల్లలు తల్లిదండ్రులకి నాలుగడుగులు దూరంగా నడుస్తూ. చెరువు గట్టున బాతులు మాత్రం తీరిగ్గా ఉన్నాయి. టెంటు కింద కుర్రాళ్లు సాసేజ్‌లు కాల్చి బ్రెడ్డులో పెట్టి పంచుతున్నారు.

“టీచింగ్ కోర్సు గురించి హాల్లో చెప్తారట,” అంది హిమజ. “ఏమండీ, మీరు దానితో వెళ్లండి.”

“నువ్వు రావా?”

“నా బూట్లు తడిసిపోయాయి. కాసేపు లోపలెక్కడైనా కూచుంటాను.”

అబద్ధం కాదు. నిజం మొత్తమూ కాదు. ఇద్దరినీ కాసేపు ఒకళ్లకొకళ్లని వదిలెయ్యాలనుకుంది. తండ్రీ కూతురూ మధ్యలో మనిషి పట్టేంత జాగా వదిలి నడుచుకుంటూ వెళ్లారు.

హిమజ పక్క బిల్డింగులోకి వెళ్లింది. కోర్సుకొక బల్ల. నవ్వు మొహాలు, పెన్నులు, చేతిసంచులు. ప్రతి బల్ల దగ్గరా ఎవరో ఒకరు ఇంగ్లీషులో అదే అడిగారు, ఎవరి కోసం చూస్తున్నారని. ప్రతిచోటా ఆమె మా అమ్మాయి కోసం అని చెప్పి, నవ్వి, ముందుకి జరిగింది.

చివరి బల్ల నర్సింగ్‌ది. వెనక ఒక మంచం, దాని మీద దుప్పటి కప్పిన బొమ్మ రోగి. కళ్లజోడు పెట్టుకున్న నడివయసు ఆవిడ కుర్చీ చూపించింది.

“తడిసిపోయారు, కూచోండి. ఎవరి కోసం చూస్తున్నారు?”

హిమజ కూచుంది. మా అమ్మాయి కోసం అందామని నోరు తెరిచింది.

“నా కోసం,” అంది.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. వయసెంత అని అడగలేదు. ఎక్కడుంటారని, ఏం పని చేస్తున్నారని అడిగి, విని, తలాడించింది. ఎప్పుడో చదివిన చదువు పనికిరాదేమోనని భయపడక్కర్లేదని, పెద్దవయసులో చేరేవాళ్లకి వేరే దారి ఉందని, ఇంతదూరం రానక్కర్లేదు, ఇంటికి దగ్గర్లో, వెల్లింగ్టన్ చుట్టుపక్కల కూడా ఇలాంటి డిగ్రీ ఉందని చెప్పింది. మూడేళ్లు. ఫిబ్రవరిలో మొదలు.

“ఉద్యోగం చేసుకుంటూ చదవచ్చా?” అని అడిగింది హిమజ.

“వారానికి ఒకటి రెండు షిఫ్టులైతే కుదరచ్చు. ఫుల్‌టైమ్ కుదరదు. హాస్పిటల్లో ట్రైనింగ్ వారాలు ఉంటాయి. వాటికి జీతం ఉండదు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.” ఆవిడ కాస్త ఆగింది. “ఇంట్లో మాట్లాడారా?”

“లేదు.”

“అమ్మా?”

సిరి వెనకే నిలబడి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో హిమజకి తెలియలేదు. కూతురి మొహం చూస్తే అంతా విన్నట్టే ఉంది.

కెఫెటేరియాలో ఒక మూల బల్ల దొరికింది. ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు. తెచ్చుకున్న టీ చల్లారిపోతోంది.

“నాన్న ఏడి?” అంది హిమజ.

“తెలీదు. టాక్ అయిపోయాక నాతో ఏం చెప్పకుండా ఎటో వెళ్లిపోయాడు. కోపం అనుకుంటా.” సిరి కప్పుని చుట్టూ తిప్పుతోంది. “ఎప్పటినుంచి అనుకుంటున్నావ్ ఇది?”

“నీ వయసునుంచి.”

సిరి తలెత్తింది. “నాకెప్పుడూ చెప్పలేదు.”

“చెప్పడానికేముంది. అయిపోయిందనుకున్నాను.”

“బయాలజీ తీసుకోమన్నది నువ్వు. ట్యూషన్ పెట్టించింది నువ్వు. ‘హాస్పిటల్లో పనిచెయ్యడం ఎంత బాగుంటుందో’ అనేదానివి. నేను నాన్న ఐడియా అనుకున్నాను డాక్టర్.” సిరి గొంతు తగ్గింది. “అది నీది. యూ వాంటెడ్ మీ టు డూ ఇట్ ఫర్ యూ.”

కాదని చెప్పాలనుకుంది హిమజ. పిల్ల బాగుకోసమేనని చెప్పాలనుకుంది. ఏ తల్లి అయినా అదే చెబుతుంది. కానీ ఆ ట్యూషన్ రోజుల్లో, సిరి నిద్రపోయాక ఆ బయాలజీ పుస్తకం తను తెచ్చుకుని చదువుకోవడం గుర్తొచ్చింది. గుండె గదుల బొమ్మ మీద వేలు పెట్టి రక్తం ఎటునుంచి ఎటు వెళుతుందో చూసుకోవడం గుర్తొచ్చింది.

“కొంతవరకు అంతే,” అంది.

సిరి కిటికీవైపు తిరిగింది. హిమజ చెయ్యి చాచి కూతురి తడి జుట్టు సర్దబోయింది. సిరి తల పక్కకి తీసుకుంది.

అప్పుడు దుర్గేష్ వచ్చాడు.

దూరంనుంచే చెయ్యి ఊపాడు. పొద్దున్న వెళ్లిన మనిషి కాదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కుర్చీ లాక్కుని, దానికి గొడుగు తగిలించి, ఇద్దరి మధ్యా కూచుని, మూడు సాసేజ్ బ్రెడ్డులు బల్ల మీద పెట్టాడు.

“నువ్వు రావల్సింది హిమా. మొదలుపెట్టకముందే అందర్నీ లేచి నిలబడమన్నారు. మావోరీ పాట. నాకేం వస్తుంది, ఊరికే పెదాలు ఆడించాను. ఇది పాడింది. కాయితం చూడకుండా. పక్కన ఓ పెద్దావిడ దీని చెయ్యి పట్టుకుని ఏదో అంది, ఇది ఆ భాషలోనే జవాబు చెప్పింది.” ఆయన నవ్వబోయి మానుకుని, మెడ రుద్దుకున్నాడు. “మా అమ్మాయేనా అనుకున్నాను.”

సిరి కదలకుండా ఆయన్నే చూస్తోంది.

“మొన్న నేనన్న మాట తప్పు,” అన్నాడు దుర్గేష్. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో బల్ల అంచుని నొక్కుతున్న బొటనవేలే చెప్పింది. “హాస్టల్ చూసొచ్చాను. గది చిన్నది, కానీ శుభ్రంగా ఉంది. అక్కడ మనిషితో మాట్లాడాను. అప్లికేషన్ ఈ వారంలోనే పెట్టేద్దాం.”

“నాన్నా.”

“ఆగు, పూర్తిగా చెప్పనీ. ఫీజుకి స్టూడెంట్ లోన్ వస్తుంది. హాస్టల్ ఖర్చు మొత్తం దాంట్లో రాదు. దారంతా లెక్కేసుకుంటూనే ఉన్నాను. నా ఒక్క జీతమైతే వల్ల కాదు. అమ్మ ఫుల్‌టైమ్ ఎలాగూ ఉంది. ఆదివారాలు ఓవర్‌టైమ్ ఇస్తామన్నారని నువ్వే అన్నావుగా హిమా. మూడేళ్లు ఓపిక పడితే దీని చదువు అయిపోతుంది. ఏమంటావ్?”

ఏమంటావ్ అని ఆయన అడిగింది జవాబు కోసం కాదు. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. బ్రెడ్డు కొరుకుతూ, కళ్లు తుడుచుకుంటున్న కూతుర్ని చూసి మురిసిపోతున్నాడు.

ఇన్నాళ్లుగా హిమజ కోరుకున్న ఘడియ ఇది. తండ్రీ కూతురూ ఒక మాట మీదికి రావడం. ఆమె ఊఁ అంటే చాలు, సాయంత్రం ముగ్గురూ నవ్వుకుంటూ భోజనం చేస్తారు.

సిరి తల్లివైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉందో, బెదిరింపు ఉందో హిమజ పోల్చుకోలేకపోయింది.

“ఏమండీ,” అంది. “ఫిబ్రవరినుంచి నేను ఫుల్‌టైమ్ చెయ్యను.”

దుర్గేష్ నమలడం ఆపలేదు. “ఏం, ఒంట్లో బాగోలేదా?”

“నర్సింగ్ చదువుతాను. మన ఊరి దగ్గరే ఉందట.”

మొదట నవ్వాడు. సరదాకి అంటోందనుకున్నాడు. భార్య మొహం చూసి, కూతురి మొహం చూసి, చేతిలో బ్రెడ్డు బల్ల మీద పెట్టేశాడు.

“ఎప్పుడు అనుకున్నావ్?”

“ఇప్పుడే. అంటే, ఎప్పటినుంచో.”

“సిరికి తెలుసా?”

“ఇందాకే తెలిసింది.”

“అందరికీ తెలిశాక నాకు.” దుర్గేష్ పేపర్ నాప్‌కిన్‌తో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. “ఆ పై ఏడు చదవకూడదా? దీనిది అయ్యాక చదవకూడదా? ఇంతకాలం ఆగినదానివి.”

“ఇంతకాలం ఆగాను కాబట్టే.”

“నీకు నలభై మూడు హిమా.”

“మూడేళ్లు ఆగితే నలభై ఆరు.”

పక్కబల్ల దగ్గర ఎవరో కుటుంబం ఫొటో తీసుకుంటోంది. ఒక్క క్షణం ముగ్గురూ అటే చూశారు.

దుర్గేష్ లేచాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండును. నిరుడు ఆ ఈమెయిల్ చదివిన రోజు ఎలా నిలబడ్డాడో అలా నిలబడ్డాడు, భుజాలు జారిపోయి.

“మనకొచ్చేదాంతో ఒక్కరే చదవగలరు. రెండు చదువులంటే ఇల్లు అమ్ముకోవాలి. నేను దీన్ని కాదనలేను, ఇప్పుడే సరేనన్నాను. నిన్నూ కాదనలేను. ఎవరు చదవాలో మీరిద్దరే తేల్చుకోండి.”

వానలోకి వెళ్లిపోయాడు. గొడుగు కుర్చీకే వేలాడుతూ ఉండిపోయింది.

హిమజ లేవబోయింది. ఎప్పుడూ లేచేది. ఆయన వెనక వెళ్లి, చెయ్యి పట్టుకుని, సర్దిచెప్పి, వెనక్కి వచ్చి కూతురికి సర్దిచెప్పేది. ఈసారి కుర్చీ మళ్లీ ముందుకి లాక్కుంది.

సిరి టీ కప్పు పక్కకి జరిపింది. తర్వాత, చిన్నప్పుడు ఏదైనా కావాలంటే ఎలా అడిగేదో ఆ గొంతుతో, తెలుగులోనే అడిగింది.

“అమ్మా, నువ్వు ఆగగలవా? నా కోసం?”

జీవితమంతా ఇలాంటి ప్రశ్నలకి హిమజ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఎవరడిగినా ఆలోచించకుండా ఇచ్చేసేది. ఆ జవాబు ఇప్పుడూ నాలుక మీదికి వచ్చింది. ఆమె దాన్ని మింగింది.

“ఆగలేను సిరీ.”

సిరి రెప్పవాల్చకుండా తల్లిని చూసింది, కొత్తమనిషిని చూసినట్టు. తర్వాత లేచి, హుడ్ తలమీదికి లాక్కుని, తండ్రి గొడుగు అందుకుని, ఆయన వెళ్లిన వైపే నడిచింది. తలుపు దగ్గర ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందేమోనని హిమజ చూసింది.

తిరగలేదు.